సెల్లార్‌లో బార్: ఇంట్లో తాగే హక్కు ఎవరిది? గొలుగొండ కొండల నుంచి న్యూజెర్సీ బేస్‌మెంట్ దాకా

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, హోమ్ టూర్ వీడియోలు. న్యూజెర్సీలోనో, చికాగోలోనో, అట్లాంటాలోనో మన తెలుగాయన కొత్తిల్లు కొన్నాడు. హాలు చూపిస్తాడు, పూజ గది చూపిస్తాడు, తర్వాత "రండి, కిందకెళ్దాం" అంటాడు. కింద బేస్‌మెంట్. ఒక పక్క హోమ్ థియేటర్, ఇంకో పక్క గ్రానైట్ కౌంటరు, నాలుగు ఎత్తు స్టూళ్లు, వెనక అద్దం అల్మారాలో సీసాలు, వాటి మీద నీలం లైటు. అది చూసి మా అనకాపల్లిలో కూడా కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు అడుగుతున్నారు: "మనం కూడా కింద ఒక బార్ పెట్టుకుంటే?"

స్టూలు ఎంత ఎత్తుండాలి, లైటు ఏ రంగుండాలి అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పబోయేది వేరే. "నా ఇంట్లో నేను తాగుతా, నీకేంటి?" అనే మాట ఉంది చూశారా, దానికి చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ మాట కోసం మన జిల్లా కొండల్లో తుపాకులు పేలాయి. ఆ గొడవ మీద ఒక ముఖ్యమంత్రి పదవి పోయింది. అదే మాటకు ఎదురు తిరిగి ఆడవాళ్లు ఇంకో ప్రభుత్వం మెడలు వంచారు. ఈ ఎపిసోడ్ ఆ కథే.

ముందు మాట సంగతి చూద్దాం

మన దగ్గర మేస్త్రి "బేస్‌మెంట్ అయిపోయింది" అంటే అర్థమేంటి? కింద గది తవ్వేశాడని కాదు. పునాది లేపి, నేల మట్టం పైకి గోడ కట్టి, మట్టి నింపాడని. ప్రభుత్వ ఇళ్ల బిల్లులు కూడా బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్ అని దశల వారీగానే వస్తాయి. అంటే అమెరికాలో బేస్‌మెంట్ నేల కిందకి, మన బేస్‌మెంట్ నేల పైకి!

నేల కింద గదిని మనం సెల్లార్ అంటాం. అపార్ట్‌మెంట్ సెల్లార్ అంటే మనకు బైకులు, కార్లు, మోటారు, వాచ్‌మన్ గది. కానీ ఆ ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ దానర్థం సరుకు దాచుకునే కొట్టు. యూరప్‌లో ఆ కొట్టులో ఎక్కువగా దాచింది వైన్. నేల కింద చల్లగా ఉంటుంది, ఎండ తగలదు కాబట్టి.

అమెరికా ఇళ్లకు బేస్‌మెంట్ ఎందుకొచ్చింది? చలికి. ఉత్తర రాష్ట్రాల్లో శీతాకాలం నేల గడ్డకడుతుంది. పునాది ఆ గడ్డకట్టే లోతు కన్నా కిందకి వెళ్లాలి, లేకపోతే ఇల్లు కదిలిపోతుంది. ఎలాగూ అంత తవ్వాం కదా అని ఒక గది కట్టేస్తారు. చలి అంతగా లేని, బంకమట్టి నేలలున్న డల్లాస్ వైపు బేస్‌మెంట్లు చాలా తక్కువ. అందుకే అక్కడి మనవాళ్ల హోమ్ టూర్లలో బార్ ఉంటే మేడ మీదే ఉంటుంది, గమనించండి.

మరి అనకాపల్లిలో? గడ్డకట్టే చలి లేదు. పక్కన శారదా నది, వానాకాలంలో పైకొచ్చే భూగర్భ జలం, మధ్యలో తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఎలా కొట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట నేల కింద గది అంటే ముందు నీళ్ల తలనొప్పి, తర్వాతే బార్.

సరే, గది సంగతి పక్కన పెడదాం. సీసా ఇంటి గడప దాటి లోపలికి రావచ్చా అనేదే అసలు ప్రశ్న.

కౌటిల్యుడి పర్మిట్

అర్థశాస్త్రంలో మద్యం మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంది. సురాధ్యక్షుడు అని ఒక అధికారి. ఇప్పటి భాషలో ఎక్సైజ్ కమిషనర్ అనుకోండి. తయారీ, అమ్మకం అన్నీ ఆయన చేతిలో. పానశాలలో విడివిడి గదులు, పడకలు, కూర్చునే ఆసనాలు, పూలు, సువాసనలు, మంచినీళ్లు ఉండాలని అందులో రాసుంది. ఎవడు స్థాయికి మించి ఖర్చు పెడుతున్నాడో చూడ్డానికి గూఢచారులూ ఉండాలట. సీసీ కెమెరా లేని రోజుల్లో అదే సీసీ కెమెరా.

మనకు కావాల్సిన పాయింటు ఇంకొకటుంది. కుటుంబాలవాళ్లు వేడుకలప్పుడు ఇంట్లో వాడకానికి తెల్ల సుర చేసుకోవచ్చు, మందు కోసం అరిష్టం చేసుకోవచ్చు. ఉత్సవాలకు, జాతరలకు నాలుగు రోజులు సడలింపు. అంటే రాజ్యం అన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్నా, ఇంటి గడప దగ్గర కొంచెం ఆగింది.

రెండో గొంతు కూడా మన ఊరి పక్కనే ఉంది. అనకాపల్లికి కూతవేటు దూరంలో శంకరం దగ్గర బొజ్జన్నకొండ. అక్కడి బౌద్ధులు పాటించిన పంచశీలలో ఐదోది మత్తు పదార్థాలు ముట్టకపోవడం. చేసుకోవచ్చు అన్న రాజనీతి ఒకవైపు, వద్దే వద్దన్న ధర్మం ఇంకోవైపు. ఈ రెండూ అప్పట్నుంచి ఇప్పటిదాకా కొట్లాడుకుంటూనే ఉన్నాయి.

1879: ఇంటి కల్లు కోసం తిరుగుబాటు

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. జిల్లా మ్యాప్‌లో నర్సీపట్నం దాటి పైకి చూస్తే గొలుగొండ కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక ఆ మండలం మన జిల్లాలోకి వచ్చింది. దాని అవతల కొండలు గోదావరి మన్యం దాకా వెళ్తాయి. అక్కడ రంప అనే ప్రాంతం ఉంది.

కొండ మనిషికి జీలుగు చెట్టు, తాటి చెట్టు అంటే ఏంటో ముందు తెలియాలి. జీలుగు కల్లు వాళ్లకి బార్‌లో కూర్చుని తాగే సరదా సరుకు కాదు. తిండి తక్కువైన నెలల్లో కడుపు నింపేది అదే. పెళ్లికీ అదే, చావుకీ అదే, పండగకీ అదే. చెట్టు గీసుకుని ఇంటికి తెచ్చుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వాళ్ల హోమ్ బార్ చెట్టు మీదే ఉండేది!

రంప మీద పెత్తనం చేసే మన్సబ్‌దారు కల్లు మీద చిగురు పన్ను అని వసూలు చేసేవాడు. అది చాలదన్నట్టు 1870ల చివర్లో మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఆబ్కారీ పారసీ మాట, ఆబ్ అంటే నీరు. వాటి ప్రకారం సొంత వాడకానికైనా సరే కల్లు గీయడానికి వీల్లేదు. కల్లు హక్కు కాంట్రాక్టర్లకు పాటకిచ్చేశారు. మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టరు మనుషులు "ఈ చెట్టు నీది కాదు, డబ్బు కట్టు" అంటూ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు. వెనకాల పోలీసులు, అప్పులిచ్చి పశువులు జప్తు చేయించే వ్యాపారులు.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. ఏప్రిల్‌కి మన గొలుగొండ కొండలకు పాకింది. జూలైకి భద్రాచలం వైపు రేకపల్లి దాకా వెళ్లింది. కారం తమ్మన్నదొర, చంద్రయ్య లాంటివాళ్లు ముందుండి నడిపారు. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. అణచడానికి మద్రాసు సైన్యం నుంచి రెజిమెంట్లకు రెజిమెంట్లు దింపారు, గుర్రపు దళం తెచ్చారు, హైదరాబాదు నుంచి కూడా బలగాలు రప్పించారు. 1880లో చంద్రయ్యను, తమ్మన్నదొరను చంపాకే అది సద్దుమణిగింది.

ఆ తర్వాత జరిగింది చూడండి. కారణాలేంటని విచారించిన ప్రభుత్వమే మన్సబ్‌దారుని తీసేసింది. ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే కొండవాళ్లు చెప్పిన బాధలో నిజముందని పరోక్షంగా ఒప్పుకున్నట్టేగా?

ఈ తిరుగుబాటుకి కల్లు ఒక్కటే కారణమని నేను అనట్లేదు. అడవి మీద ఆంక్షలు, పన్నులు, వ్యాపారుల మోసాలు అన్నీ కలిశాయి. కానీ ఓర్పు నశించేలా చేసినవాటిలో పెద్దది, సొంత ఇంట్లో సొంత కల్లు నేరమైపోవడం.

అప్పుడు ఇంగ్లీషు దొరల బంగళాల్లో బ్రాందీ, జిన్ను అల్మారాల్లోనే ఉన్నాయి. వాటి మీద ఎవడూ దాడి చేయలేదు. ఒకే ప్రభుత్వం, రెండు ఇళ్లు, రెండు న్యాయాలు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

అల్లూరి మాట వేరు

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు, సారా మీద ఆదాయం ప్రభుత్వానికి భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గ వాటిల్లో ఒకటైంది. ఇక ప్రభుత్వానికి జనం తాగాలి, కానీ ప్రభుత్వం చెప్పిన చోటే తాగాలి!

43 ఏళ్ల తర్వాత, 1922లో అవే కొండల్లో అల్లూరి సీతారామరాజు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు కొట్టాడు. సినిమాల్లో చూశాం. కానీ అంతకు ముందు ఆయన ఊరూరా తిరిగి చెప్పింది ఏంటి? తాగుడు మానండి, కోర్టులకెళ్లొద్దు, తగువులు పంచాయతీల్లో తీర్చుకోండి. గాంధీ గారి ప్రభావం అది. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోనే ఉంది.

1879లో ఆ కొండలు "మా కల్లు మాకు వదిలేయండి" అన్నాయి. 1922లో అక్కడి నాయకుడు "ఆ కల్లే వదిలేయండి" అన్నాడు. తిరగేసినట్టుంది కదా? నాకైతే రెండూ ఒకటే అనిపిస్తాయి. మొదటిది మా ఇంటి మీద మీ పెత్తనం వద్దని. రెండోది మీ ఖజానా మా తాగుడు మీద బతకొద్దని.

నిషేధం, జీఎస్టీ ముత్తాత

1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో అది మద్రాసు రాష్ట్రం మొత్తానికి పాకింది, అనకాపల్లితో సహా. ఆబ్కారీ ఆదాయం పోయింది కదా, ఆ లోటు పూడ్చడానికి రాజాజీ 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. మీరు ఫోన్ కొంటే కట్టే జీఎస్టీకి ముత్తాత అదే. విచిత్రం ఏంటంటే, తాగే మద్యాన్ని మాత్రం ఇప్పటికీ జీఎస్టీలో కలపలేదు. రాష్ట్రాలు ఆ ఆదాయాన్ని వదులుకోవట్లేదు మరి.

నిషేధం వల్ల రోడ్డున పడింది గీత కార్మికులు. ఉత్తరాంధ్రలో వాళ్ల తరఫున గట్టిగా నిలబడింది సర్దార్ గౌతు లచ్చన్న. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. నిషేధం ఎత్తేయమని ఎస్.వి. రామమూర్తి కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం. 69కి 68. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి గుండె చూపించిన మనిషి, కల్లు కుండ దగ్గర ఓడిపోయాడు.

అమెరికా కిటుకు

ఒక్క నిమిషం న్యూజెర్సీ బేస్‌మెంట్‌కి వెళ్లొద్దాం. 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 దాకా అమెరికాలోనూ మద్యనిషేధమే. కానీ ఆ చట్టంలో ఒక సందు ఉంది. నిషేధం రాకముందు కొనుక్కున్న మద్యం సొంత ఇంట్లో ఉంచుకోవచ్చు, ఇంటివాళ్లకి, వచ్చిన అతిథులకి పోయొచ్చు. ఏమైందో ఊహించండి. డబ్బున్నవాడు ముందే పెట్టెలకు పెట్టెలు కొని సెల్లార్ నింపుకున్నాడు. కూలివాడికి ఊళ్లో సెలూన్ తప్ప వేరే చోటు లేదు, అది మూతపడింది. తాగుడు వీధిలోంచి ఇంట్లోకి, మేడమీది నుంచి కిందకి దిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త కాలనీల్లో ఆ గదికి కౌంటరు, స్టూళ్లు వచ్చి చేరాయి. ఈరోజు మీరు రీల్స్‌లో చూసే హోమ్ బార్ ఆ వరసలోదే.

గొలుగొండ, అమెరికా ఎంత దూరం! న్యాయం మాత్రం ఒకటే. గది ఉన్నవాడికి చట్టం సందు ఇస్తుంది, చెట్టు ఉన్నవాడికి ఇవ్వదు.

బెల్లం ఊరు, సారా బట్టీ

ఇక మా ఊరి సొంత సంగతి. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిల్లో ఒకటి. 1913 నుంచి ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, చెరకు మీద దాని పని దేశమంతా తెలుసు. అదే బెల్లం దేవుడి ప్రసాదానికీ వెళ్తుంది, నాటుసారా ఊటకీ వెళ్తుంది. సారాకి ఇంగ్లీషులో వాడే అరక్ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది, అర్థం చెమట. ఆవిరి చుక్కలు చుక్కలుగా కారుతుంది కాబట్టి ఆ పేరు.

సారా మీద కేసులు పెరిగినప్పుడల్లా నల్లబెల్లం మీద నిఘా పెరుగుతుంది. లారీలు ఆపుతారు, కొన్నవాళ్ల వివరాలు అడుగుతారు. రైతు పరిస్థితి చూడండి. బెల్లం తెల్లగా మెరవాలంటే హైడ్రోస్ కలపాలి. కలిపితే ఆరోగ్యానికి మంచిది కాదంటారు. కలపకపోతే రంగు ముదురుతుంది. ముదిరితే "ఇది సారాకా?" అని అనుమానం. మేడారం జాతరలో అదే బెల్లాన్ని బంగారం అని పిలిచి అమ్మవార్లకు సమర్పిస్తారు. ఒకే దిమ్మ, ఒక చోట బంగారం, ఇంకో చోట సాక్ష్యం!

గడప లోపలి గొంతు

ఇంతవరకు చెప్పినదంతా మగాళ్లు, ప్రభుత్వాల గొడవ. ఇంట్లో ఇంకో మనిషి ఉంది కదా, ఆవిడ మాట?

1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరా చేర్చింది. తాగడానికి దుకాణం దాకా నడవక్కర్లేదు, ఇంటి పక్కకే వచ్చేసింది. కూలి డబ్బు గడప దాటకముందే అయిపోయేది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, సాయంత్రం అక్షరాలు నేర్చుకునే తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు ఈ లెక్క వేశారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. దుకాణాలు మూయించారు, సారా వేలం పాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది. ఎన్టీఆర్ 1994 డిసెంబరులో గెలిచి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలు చేశారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. ఆ మధ్యకాలంలో పక్కనే ఉన్న యానాం నుంచి సీసాలు ఎలా వచ్చేవో పెద్దవాళ్లని అడగండి, కథలు కథలుగా చెప్తారు.

దూబగుంట ఆడవాళ్లు తేల్చిన సంగతి ఒక్కటే. "నా ఇంట్లో నేను తాగుతా" అన్నప్పుడు ఆ "నా ఇల్లు" ఒక్కడిది కాదు. ఆ ఇంట్లో వంట చేసేది ఒకరు, ఫీజు కట్టాల్సిన పిల్లలు ఇద్దరు, మందులు కొనాల్సిన ముసలమ్మ ఒకరు. 1879లో ఇంటి హక్కు ప్రభుత్వం నుంచి కాపాడుకోవాల్సి వచ్చింది. 1992లో అదే ఇంటి హక్కుని ఇంట్లో మనిషి నుంచే కాపాడుకోవాల్సి వచ్చింది.

మరి ఇప్పుడు బార్ కట్టాలా వద్దా?

చట్టం సంగతి సూటిగా చెప్తా. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ మద్యం సీసాల పరిమితిని ఆరు నుంచి మూడుకు తగ్గించారు. 2024 అక్టోబరులో కొత్త పాలసీతో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. ఈ రూల్స్ ప్రభుత్వం మారినప్పుడల్లా మారతాయి. కాబట్టి అల్మారా చేయించే ముందు ఆ రోజుకి పరిమితి ఎంతో ఎక్సైజ్ స్టేషన్‌లో అడగండి. ముప్ఫై సీసాలు పట్టే అద్దం అల్మారా కట్టి మూడు సీసాలు పెడితే కామెడీగా ఉంటుంది, ముప్ఫై పెడితే కేసు అవుతుంది.

మన రాష్ట్రంలో తాగడానికి 21 ఏళ్లు నిండాలి. వేరే రాష్ట్రం నుంచి చవగ్గా తెచ్చిన సీసా ఇక్కడ పన్ను కట్టనిదే, పట్టుబడితే నేరమే. స్నేహితుల దగ్గర డబ్బు తీసుకుని పోస్తే అది హోమ్ బార్ కాదు, లైసెన్సు లేని అమ్మకం. ఇంట్లో కాచే ప్రయోగాలు అసలు వద్దు, కేసు సంగతి అటుంచితే కళ్లు పోతాయి, ప్రాణాలు పోతాయి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా చివరి పర్మిషన్ ఒకటి మిగులుతుంది. అది ఎక్సైజ్ ఆఫీసులో దొరకదు. ఆ సెల్లార్ పైన కాపురముండే మనుషులు ఇవ్వాలి. ప్లాన్ గీయించే ముందు వంటింట్లోకెళ్లి అడగండి. "సరే" అని నవ్వితే మీ ఇష్టం. మాట్లాడకుండా ఊరుకుంటే మాత్రం అది సరే కాదు. ఆ గదిలో పిల్లలకి క్యారమ్ బోర్డు వేయించండి, లేదంటే బైకులే పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో చెరకు గానుగ నుంచి షుగర్ ఫ్యాక్టరీ దాకా మన బెల్లం కథ చెప్పుకుందాం. గొలుగొండ, చింతపల్లి వైపు మీ తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పిన పాత సంగతులు ఏవైనా ఉంటే వాళ్ల గొంతులోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. పుస్తకాల్లో లేని చరిత్ర అక్కడే ఉంది, వాళ్లతోపాటే పోతుంది. ఉంటాను మరి, సెలవు.